హువా హిన్‌లో రిటైర్మెంట్ కాపురం: ఒక నరసాపురం మనిషి రివ్యూ

"నరసాపురంలో ఉండి సముద్రం కోసం థాయ్‌లాండ్ వెళ్ళడమేంటండీ?" అని మా వీధిలో అడగనివాళ్ళు లేరు. అడగాల్సిన ప్రశ్నే. పేరుపాలెం బీచ్‌కి స్కూటర్ మీద వెళ్ళిరావచ్చు. పంటు ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగితే, అటువైపే అంతర్వేది. కానీ మన సముద్రం కార్తీక మాసంలో ఒక ఆదివారం వెళ్ళి, పులిహోర తిని, కాళ్ళు తడుపుకుని వచ్చేయడానికే. అరవై దాటి, కుడి మోకాలు అరిగి, బీపీ మాత్రలు జేబులో పెట్టుకు తిరిగేవాడు ఆ ఒడ్డున కాపురం పెట్టలేడు. రాత్రిపూట ఛాతీలో నొప్పి వస్తే పాలకొల్లో భీమవరమో చేరాలి. పెద్ద కేసైతే విజయవాడ. ఆ దారి సంగతి ఈ ప్రాంతం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

నేను ఇరిగేషన్ శాఖలో డీఈగా, అంటే డిప్యూటీ ఇంజనీరుగా, రిటైరయ్యాను. నేనూ మా ఆవిడా ఏడాది పైచిలుకు థాయ్‌లాండ్‌లోని హువా హిన్ అనే బీచ్ ఊళ్ళో అద్దెకుండి, ఈ మధ్యే ఇంటికొచ్చాం. ఊరూ, ఉన్న ఫ్లాటూ, వీసా తతంగం మూడూ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే అక్కడ ఉండాలంటే మూడూ కలిపే కొనుక్కోవాలి. ఫ్లాటున్న కాంప్లెక్సు పేరు రాయను. ఊరికి నాలుగు స్టార్లు, ఫ్లాటుకి రెండున్నర, వీసా పనికి ఒకటిన్నర.

మా అబ్బాయి సింగపూర్‌లో ఉంటాడు. వాడి దగ్గర శాశ్వతంగా ఉండే వీలు లేదు, అక్కడి అద్దెలు మన పెన్షన్‌కి అందవు. "బ్యాంకాక్ అయితే నాకు రెండున్నర గంటల ఫ్లైటు నాన్నగారూ, నెలకోసారి శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం వెళ్ళిపోతాను" అన్నాడు. మొదట రాత్రి బార్ల హడావిడికి పేరుపడ్డ పట్టయా చూశాం. అరగంటలో మా ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను, తిరుగు టాక్సీ ఎక్కేశాం. హువా హిన్ అలా కాదు. బ్యాంకాక్‌కి నైరుతిగా దాదాపు 200 కిలోమీటర్లు, థాయ్ సింధుశాఖ ఒడ్డున, ప్రచువాప్ ఖిరిఖాన్ ప్రావిన్స్‌లో ఉంటుంది. బ్యాంకాక్ డబ్బున్నవాళ్ళు శనాదివారాలకి వచ్చే ఊరు, చలికాలమంతా నార్వే, స్వీడన్ ముసలివాళ్ళు కూర్చునే ఊరు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా బస్సుంది. బ్యాంకాక్ నుంచి రైలూ ఉంది, నాలుగు గంటలు పడుతుంది. 2023 డిసెంబర్‌లో ఎత్తున కట్టిన కొత్త స్టేషన్ మొదలైంది. ఎరుపూ తెలుపూ రంగుల పాత చెక్క స్టేషన్‌ని పడగొట్టకుండా పక్కనే ఉంచారు. దాని ముందు ఫొటో దిగని మనిషి లేడు, మేమూ దిగాం.

ఆ ఊరు రైలుతోనే పెరిగింది. దక్షిణ రైలు మార్గం పడ్డాక 1923లో రైల్వేవాళ్ళే హోటల్ కట్టారు, మరుసటి ఏడాది గోల్ఫ్ కోర్సు వచ్చింది. ఆ తర్వాత ఏడో రాముడు, అంటే ప్రజాధిపోక్ రాజుగారు, సముద్రం ఒడ్డున వేసవి భవనం కట్టుకున్నారు. 1932 జూన్‌లో బ్యాంకాక్‌లో విప్లవం వచ్చి నిరంకుశ రాచరికం పోయిందన్న కబురు ఆయనకి అందింది ఇక్కడే. రాజుగారి టెన్షన్‌తో పోలిస్తే మా వీసా టెన్షన్ ఎంతలెండి.

సముద్రం సంగతి ముందు చెప్పేస్తాను. ఇసక తెల్లగా, సన్నగా, గట్టిగా ఉంటుంది. పాటు మీద ఉన్నప్పుడు తడి ఇసక మీద నడిస్తే కాలు దిగదు. నా మోకాలికి ఇంతకంటే మంచి నడక దారి దొరకలేదు. మనలాగే తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్ళల్లోంచే వస్తాడు. సింధుశాఖ కాబట్టి కెరటం చిన్నది. మన దగ్గర పిల్లల్ని చెయ్యి వదలనివ్వనంత లాగుడు అక్కడ మామూలు రోజుల్లో ఉండదు. ముసలివాళ్ళు నడుం లోతు నీళ్ళల్లో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటారు. రాత్రి దిగంతం పొడుగునా ఆకుపచ్చ లైట్లు వెలుగుతుంటాయి. మొదటి రోజు అవేంటో అర్థం కాలేదు. స్క్విడ్ పట్టే పడవలట, ఆ వెలుగుకి అవి పైకొస్తాయట.

బ్రోషర్‌లో చెప్పనిది ఇంకోటుంది. పోటు వచ్చిందంటే చాలాచోట్ల బీచ్ మాయమైపోతుంది. నీళ్ళు హోటళ్ళ గోడలకి కొడతాయి. ఉదయం ఆరింటికి నడిచే అలవాటున్నవాళ్ళు పోటు, పాటు టైములు చూసుకుని బయలుదేరాలి. మా పక్క ఫ్లాటాయన, నార్వే మనిషి, మొదటి నెలంతా "బీచ్ ఎక్కడ?" అని సెక్యూరిటీతో పోట్లాడేవాడు. గోదావరి నోట్లో పుట్టినవాళ్ళం కాబట్టి మాకు చెప్పనక్కర్లేకపోయింది. రెండోది, గట్టి వాన పడ్డాక ఊరి వాన నీళ్ళ తూములు ఇసక మీదకే వదులుతాయి. నల్లటి నీళ్ళు కాలవలా కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. జీవితమంతా డ్రెయిన్లూ స్లూయిజులూ చూసినవాణ్ణి కదా, అందరూ సూర్యోదయం ఫొటోలు తీస్తుంటే నేను వెళ్ళి ఆ తూము పైపు వ్యాసం చూసొచ్చాను. వాన వెలిసిన మర్నాడు నీళ్ళల్లోకి దిగకండి. వానాకాలంలో జెల్లీ ఫిష్‌లు కూడా ఉంటాయి.

ఊళ్ళో ఫుట్‌పాత్‌లు మాత్రం మన నరసాపురం మెయిన్ రోడ్డుకి ఏమాత్రం తీసిపోవు. మధ్యలో కరెంటు స్తంభం, దాని పక్కన నూడుల్స్ బండి, దాని కింద కుక్క. పెట్‌కాసేమ్ అని పెద్ద హైవే ఊరి మధ్యలోంచే పోతుంది. దాన్ని దాటడమే ఒక పరీక్ష. బీచ్‌కీ మార్కెట్‌కీ హైవే దాటక్కర్లేని వైపు ఇల్లు తీసుకుంటే సగం సుఖపడతారు. మా ఫ్లాటు అవతలి వైపు. ఊళ్ళో తిరగడానికి ఆకుపచ్చ సాంగ్‌తావ్‌లున్నాయి. మన షేర్ ఆటోలాంటి ట్రక్కులు, పదీ పదిహేను బాత్‌లతో పోతుంది. బాత్ అంటే రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది.

వాతావరణానికి పూర్తి మార్కులు. మే నెలలో ఇక్కడ మనం ఉక్కపోతతో చచ్చే రోజుల్లో కూడా అక్కడ సాయంత్రమయ్యేసరికి గాలి తిరుగుతుంది. పడమటి వైపు తెనాసెరిమ్ కొండలు నైరుతి మబ్బుల్ని ఆపేస్తాయి, అందుకని థాయ్‌లాండ్‌లో వాన తక్కువ పడే చోట్లలో ఇదొకటి. సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు మాత్రం కురుస్తుంది. తుఫాను భయం మనంత లేదు. అలాగని అసలు లేదనీ కాదు. 1989 నవంబర్‌లో వచ్చిన 'గే' తుఫాను హువా హిన్‌కి దక్షిణాన చుంఫోన్ దగ్గర తీరం దాటి, మన బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్ళీ బలం పుంజుకుని కావలి దగ్గర మనల్నే కొట్టింది. అక్కడ ఒక పెద్దాయన ఫోన్‌లో అనువాదం పెట్టుకుని ఆ రాత్రి గురించి చెప్పబోతే, నేను మా 1996 నవంబర్ 6 తుఫాను రాత్రి గురించి చెప్పాను. కాలవ లాకు దగ్గరి క్వార్టర్స్‌లో ఉన్నాను అప్పుడు. తెల్లారి చూస్తే కోనసీమ వైపు కొబ్బరి చెట్టు నిలబడి ఉన్నది లేదు. ఇద్దరం ఆ ఫోన్‌ని అటూ ఇటూ మార్చుకుంటూ చాలాసేపు కూర్చున్నాం. అక్కడ నాకు దొరికిన మంచి సాయంత్రాల్లో అదొకటి.

ఇక ఫ్లాటు. ఒక బెడ్‌రూమ్, చిన్న వంటిల్లు, బాల్కనీ, కింద స్విమ్మింగ్ పూల్, అద్దె నెలకి 18,000 బాత్. రెండు నెలల అద్దె అడ్వాన్సు. బాల్కనీలోంచి సముద్రం ఒక చీలిక కనబడుతుంది, దానికి రెండు వేలు ఎక్కువ. శుభ్రత బాగుంటుంది. లిఫ్ట్ ఆగిపోయింది లేదు, కరెంటు పోయింది లేదు. అయితే కరెంటు బిల్లు దగ్గర దొరికిపోయాం. ప్రభుత్వ రేటు యూనిట్‌కి నాలుగు బాత్‌లకి అటూ ఇటూ ఉంటే, ఈ కాంప్లెక్సువాళ్ళు వాళ్ళ సొంత మీటర్ పెట్టి ఎనిమిది వేస్తారు. ఇది అగ్రిమెంట్‌లో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, థాయ్‌లో. ఆఫీసమ్మాయి మర్యాదగా రెండు చేతులూ జోడించి దండం పెట్టి మరీ ఆ బిల్లు ఇస్తుంది. ఎలా కోప్పడతాం? మీరు వెళ్తే అద్దె బేరం కంటే ముందు యూనిట్ రేటు అడగండి. బిల్లు నేరుగా కరెంటు సంస్థ నుంచి వచ్చే ఇల్లయితేనే తీసుకోండి.

కుళాయి నీళ్ళు తాగరు. వీధి చివర నాణెం వేస్తే నీళ్ళిచ్చే మిషన్లుంటాయి, బాత్‌కి లీటరు లెక్కన. మనం టిన్ను నీళ్ళకి అలవాటు పడ్డవాళ్ళమే కాబట్టి కష్టం తెలియదు, కాకపోతే మోసుకు రావాలి.

అద్దె ఎందుకు, ఇల్లు కొందామా అని మావాడు ఒకసారి అన్నాడు. వద్దన్నాను. అక్కడ విదేశీయులు భూమి కొనలేరు. కాండో, అంటే అపార్ట్‌మెంట్, ఫ్లాటు కొనొచ్చు, అదీ ఆ బిల్డింగ్ మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకుండా. ఇల్లూ స్థలమూ కావాలంటే 30 ఏళ్ళ లీజు. అరవై ఆరేళ్ళ వాడికి 30 ఏళ్ళ లీజు సరిపోతుందిలే అని ఏజెంటు నవ్వాడు. నిజమేగానీ, రేపు అమ్మాలన్నా, వారసులకి రావాలన్నా, ఆ దేశపు కాగితాల చుట్టూ మా అబ్బాయి తిరగాలి. ఇక్కడ మా తాతగారి లంక భూమి తగాదాలే ఇంకా తేలలేదు.

వీసాకి ఒకటిన్నర స్టార్లు ఎందుకిచ్చానో చెబుతాను. యాభై దాటినవాళ్ళకి రిటైర్మెంట్ కింద ఏడాదేడాది పొడిగించుకునే పద్ధతి ఉంది. అక్కడి బ్యాంకులో మన పేర 8 లక్షల బాత్‌లు ఉండాలి, లేదా నెలకి 65,000 బాత్‌ల ఆదాయం చూపించాలి, లేదా రెండూ కలిపి ఏడాదికి 8 లక్షలు అవ్వాలి. డబ్బు దరఖాస్తుకి రెండు నెలల ముందు నుంచి కదలకూడదు, మంజూరయ్యాక మూడు నెలలు కదలకూడదు, ఆ తర్వాత కూడా 4 లక్షల కిందికి దిగకూడదు. ఇరవై లక్షల రూపాయల పైమాట అలా పడి ఉంటుంది. ఖర్చులకి అది కాక వేరే చూసుకోవాలి. నయమేంటంటే భార్యకి వేరే డబ్బు చూపించక్కర్లేదు, భర్త మీద ఆధారపడినట్టు తీసుకోవచ్చు. ఇండియా నుంచే తీసుకునే ఇంకో రకం వీసా ఉంది, దానికి 30 లక్షల బాత్‌ల హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మన వయసులో బీపీ ఉందని చెప్పగానే ఆ ప్రీమియం ఎంతవుతుందో విని దాన్ని వదిలేశాం.

ఆ బ్యాంకు ఖాతా తెరవడమే ఒక పెద్ద పని. ఒక బ్యాంకులో కుదరదన్నారు, అదే బ్యాంకు ఇంకో బ్రాంచిలో నివాస ధ్రువపత్రం తెమ్మన్నారు, తెస్తే ఇంకేదో అన్నారు. ఖాతా లేనిదే ఏమీ సాగదు. ఎక్కడ చూసినా క్యూఆర్ స్టిక్కరే, కొబ్బరి బొండాల బండి మీద కూడా. మా ఫోన్‌లోని యూపీఐ అక్కడ పనికిరాలేదు. మన కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ రెండొందల బాత్‌ల పైనే వాళ్ళు మినహాయించుకుంటారు.

మన వైపు నుంచి డబ్బు పంపడం తేలిక. విదేశాలకి డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంక్ పద్ధతి ఎల్‌ఆర్‌ఎస్ కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. కానీ ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటారు. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఇరుక్కుపోతుంది. రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడేలా సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో పంపమన్నారు మా సీఏ గారు. ఆయన ఇంకో మాటా చెప్పారు. క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు అక్కడుంటే వాళ్ళ లెక్కలో పన్ను నివాసి అవుతాం, బయటి నుంచి తెచ్చుకున్న ఆదాయం మీద 2024 జనవరి నుంచి అక్కడ పన్ను వర్తిస్తుంది. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది. ఎవరి పెన్షన్ ఏ పద్దు కింద వస్తుందో వాళ్ళ సీఏని అడిగాకే టికెట్ కొనుక్కోండి. ఇక్కడ కూడా ఎక్కువ నెలలు బయటుంటే నాన్ రెసిడెంట్ లెక్కలోకి వెళ్తాం, బ్యాంకు ఖాతాని ఎన్‌ఆర్‌ఓ, అంటే బయట ఉండేవాళ్ళ ఖాతాగా, మార్పించుకోవాలి. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోతే పెన్షన్ ఆగుతుంది. మన ప్రభుత్వ ఉద్యోగుల వైద్యానికిచ్చే ఈహెచ్‌ఎస్ కార్డు అక్కడ చూపిస్తే పుస్తకంలో పెట్టుకునే గుర్తుగా పనికొస్తుంది.

ఏడాది వీసా స్టాంపు పడింది కదా అని కాళ్ళు చాపుకోవడానికి లేదు. 90 రోజులకోసారి మేమిక్కడే ఉన్నామని రిపోర్ట్ చేయాలి. ఉచితమే, ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది, మర్చిపోతే 2,000 బాత్‌ల జరిమానా. అది కాక, విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు టీఎం30 అని ఒక కబురు ఇమ్మిగ్రేషన్‌కి ఇవ్వాలి. మా ఓనరమ్మ బ్యాంకాక్‌లో ఉంటుంది. ఆవిడ ఇవ్వలేదు. మేం కాగితాలన్నీ క్లిప్పులు పెట్టి, ప్రతి పేజీ మీదా నీలం ఇంకుతో సంతకం పెట్టి, పొద్దున్నే వెళ్ళి టోకెన్ తీసుకుని కూర్చున్నాం. కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్ట్ తెరిచింది, కంప్యూటర్‌లో చూసింది, నవ్వింది, మూసి ఇచ్చేసింది. "హౌస్ నో." అంతే. ఓనరమ్మకి ఫోన్ చేస్తే ఎత్తదు. మెసేజ్ పెడితే పువ్వు బొమ్మ పంపుతుంది. అవతల గడువు దగ్గరపడుతోంది. చివరికి మావాడు సింగపూర్ నుంచి ఆవిడతో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడితే రాత్రికి రాత్రి ఆన్‌లైన్‌లో పడింది. సర్వీసంతా కౌంటర్‌కి అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. "ఈ అడంగల్ కాపీ లేదండీ, రేపు రండి" అని రైతుల్ని పంపినవాణ్ణి. మా ఆవిడ ఈ మాట అప్పుడే, అక్కడే, టోకెన్ చేతిలో ఉండగానే గుర్తుచేసింది.

తిండి గురించి చాలామంది అడిగారు. శాకాహారులైతే సొంత వంటే. ఆకుకూర వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది, చట్నీలో ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది. మేం చేపా రొయ్యా తినేవాళ్ళమే కాబట్టి బాధ లేదు. చాట్‌చాయ్ మార్కెట్ అని ఊరి మధ్యలో పాత మార్కెట్ ఉంది, పొద్దున్నే వెళ్ళాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఒక బుట్ట ముందు ఆగిపోయాను. తూటికూర! చక్కగా కట్టలు కట్టి, నీళ్ళు చిలకరించి, దాని పక్కన ధర రాసి పెట్టారు. మా కాలవల్లో పూడిక కింద లెక్కేసి, గుర్రపుడెక్కతో పాటు తీయించడానికి ఏటా టెండర్లు పిలిచిన తూటికూర. వెల్లుల్లీ మిరపకాయా వేసి పెద్ద మంట మీద రెండు తిప్పులు తిప్పి హోటల్‌లో ప్లేటు వంద బాత్‌లకి అమ్ముతారు. బాగుంటుంది కూడా, ఏమాటకామాటే చెప్పుకోవాలి. అలాగే దొండ. కాయలు కావాలని మా ఆవిడ చేత్తో చూపించి అడుగుతుంటే ఆ మార్కెట్టావిడ దొండ ఆకుల కట్ట తెచ్చి ఇచ్చింది. వాళ్ళు తినేది ఆకు, కోడిగుడ్డు చారులో వేసుకుంటారు. కాయ మాట వాళ్ళకి పట్టదు. మునక్కాడలు, ఆనపకాయ, తోటకూర, బచ్చలి దొరుకుతాయి. గోంగూర మాకు కనబడలేదు. కరివేపాకు మొక్క ఒకటి ఎక్కడో సంపాదించి మా ఆవిడ బాల్కనీలో పెంచింది, ఆ మొక్కని చూడ్డానికి ఇంకో కాంప్లెక్సు నుంచి ఒక గుజరాతీ ఆవిడ వచ్చింది.

చేపల్లో ప్లా తూ అని ఉంటుంది, మన కానాగంతల జాతి. ఆవిరి మీద ఉడికించి, మెడ విరిచి, చిన్న వెదురు బుట్టల్లో రెండేసి మూడేసి సర్ది అమ్ముతారు. ఇంటికి తెచ్చి కాస్త నూనెలో వేయించి వేడన్నంలో తింటే చాలు. పులుసు మాత్రం పెట్టకండి, ఉప్పు తేలిపోతుంది. పులస గురించి వాళ్ళకి చెప్పాలని ప్రయత్నించి మానేశాను, ధర చెప్పగానే నమ్మడం లేదు. కొబ్బరి బొండం దగ్గర మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. బీచ్‌లో ఒక బొండం 50, 60 బాత్‌లు. నీళ్ళు కమ్మటి వాసనతో ఉంటాయి, కాదనను. కానీ ఇంటి వెనక దింపు తీయించి కాయ ఇంతకని వ్యాపారితో బేరమాడినవాడు, ఆ డబ్బిచ్చి బొండం తాగలేడు. మా ఆవిడ తాగేది, నేను పక్కన నిలబడేవాణ్ణి.

హాస్పిటళ్ళ విషయంలో ఊరు గట్టిది. ప్రభుత్వ హాస్పిటల్ ఉంది, పెద్ద ప్రైవేటువి కూడా ఉన్నాయి, బీచ్ నుంచి ఏదైనా దగ్గరే. ప్రైవేటులో ఇంగ్లీషు మాట్లాడే మనిషిని పక్కన ఇస్తారు. నాకు ఒకసారి కళ్ళు తిరిగితే అంబులెన్సులో తీసుకెళ్ళి, ఈసీజీ, రక్తపరీక్షలు, స్కాన్ అన్నీ గంటన్నరలో చేసి, "మీకేం లేదు, నీళ్ళు తాగండి" అని పంపారు. ఆ ఒక్క మాటకి అయిన బిల్లుతో ఇక్కడ మోకాలు ఆపరేషన్‌కి అడ్వాన్సు కట్టొచ్చు. ఇన్సూరెన్స్ లేకుండా అక్కడ ఉండాలనుకోవద్దు. ఇన్సూరెన్స్ అరవై అయిదు దాటాక అడగ్గానే దొరకదు. ఈ రెండు మాటలూ కలిపి చదువుకోండి. పళ్ళ డాక్టర్లు మాత్రం మేలు, పని నీటుగా ఉంటుంది.

ఇంకో విషయం ఎవరూ అడగరు, నేనే చెబుతాను. అక్కడ పోతే ఎలా? ఎంబసీలో మరణం నమోదు చేయించి, పాస్‌పోర్ట్ రద్దు చేయించి, వాళ్ళిచ్చే కాగితంతోనే శరీరాన్ని ఇండియాకి పంపాలి. ఖర్చు ఎక్కువ, రోజులు పడుతుంది. లేదంటే అక్కడే దహనం చేయించి అస్థికలు తెచ్చుకోవడం. మా ఇద్దరికీ రెండోదే సమ్మతమని మావాడికి రాసిచ్చాం. కాకపోతే గోదావరిలోనే కలపాలని మా ఆవిడ పక్కన రాసింది.

అసలు సంగతికి వస్తాను. ఈ ఊరు ఇద్దరికీ ఒకేలా పనిచేయలేదు. వెళ్దామని ఉబలాటపడింది నేను, ఏడ్చింది ఆవిడ. ఆర్నెల్లు తిరిగేసరికి తారుమారైంది. వానాకాలం వచ్చేసరికి నేను పొద్దున లేవగానే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద లెక్క ఫోన్‌లో చూడ్డం మొదలుపెట్టాను. 10 లక్షల క్యూసెక్కులు దాటిందంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 దాటితే రెండోది, 17 దాటితే మూడోది. 2022 జూలైలో మూడోది కూడా దాటిపోయి నీళ్ళు లంకల్ని ముంచేసిన రోజులు కళ్ళముందే ఉంటాయి. ఏటిగట్టు ఎక్కడ నానుతోందో, ఏ స్లూయిజ్ తలుపు మూయాలో పడక్కుర్చీలో కూర్చుని పాత అసిస్టెంట్ ఇంజనీర్లకి ఫోన్లు చేసి చెప్పేవాణ్ణి. పాపం వాళ్ళు మర్యాదకి వినేవాళ్ళు. పక్కన నార్వే ఆయన క్రాస్‌వర్డ్ చేసుకునేవాడు. నాతో పేపరు మీద వాదించేవాడు లేడు, టీకొట్టు దగ్గర "ఏం డీఈ గారూ, ఈసారి నీళ్ళెప్పుడొదుల్తారు?" అనేవాడు లేడు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చేయాలో తోచేది కాదు.

మా ఆవిడకి ఆ రెండు గంటలే స్వర్గం. నేను అరవయ్యో ఏట రిటైరయ్యాను. ఆవిడ అక్కడికెళ్ళాకే రిటైరైంది. నరసాపురంలో మా ఇల్లంటే పొద్దున్నుంచీ వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. కాఫీ పెట్టు, భోజనానికి ఉండమను, పెళ్ళికి చీరలు చూడు, మా అక్కయ్య వస్తోంది గది సర్దు. అక్కడ బెల్ కొట్టేవాళ్ళు లేరు. పొద్దున ఏడింటికి బీచ్‌లో నడక, తొమ్మిదింటికి ఒక కూర, ఒక చారు, పదికల్లా వంటిల్లు బంద్. వారాంతాల్లో సాయంత్రం సికాడా అనే రాత్రి మార్కెట్‌కి పోయి, ఎవరో అమ్మాయిలు పాడుతుంటే విని, ఒక ఐస్‌క్రీమ్ తిని వచ్చేది. పూల్‌లో ఈత నేర్చుకుంది, అరవై రెండేళ్ళ వయసులో, పొడుగు చేతుల డ్రస్సు వేసుకుని. స్వీడన్ ఆవిడ నేర్పింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మా ఆవిడ చేతి లేసుపని చూసి ఆవిడ మూర్ఛపోయినంత పని చేసింది. మన నరసాపురం లేసు ఎక్కడికెళ్ళినా అంతే కదా. ఇప్పుడు అక్కడి బాల్కనీల్లో రెండు మూడు టేబుళ్ళ మీద మా ఆవిడ అల్లిన గుడ్డలున్నాయి.

కాబట్టి మీరు వెళ్దామనుకుంటే ఇంట్లో ఇద్దరినీ విడివిడిగా అడగండి. నవంబర్ చివర దిగి ఫిబ్రవరి ఆఖరికి వచ్చేసేలా అయితే హువా హిన్‌కి వంక పెట్టలేం. మనవాళ్ళకి ముందుగా వీసా తీసుకోకుండా దిగే వీలు 2023 నవంబర్ నుంచి ఇచ్చారు. ఆ వీలు ఇంకా ఉందా, ఎన్ని రోజులకన్నది వాళ్ళు మారుస్తుంటారు, టికెట్‌కి ముందు చూసుకోండి. దిగేముందు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ఆ చలికాలంలో అద్దెలు ఎక్కువుంటాయి, జూన్‌లోనే మాట్లాడుకోవడం మేలు. ఏడాది పొడుగునా ఉండాలంటే మాత్రం ఆ 8 లక్షల బాత్‌లూ, 90 రోజుల లెక్కలూ, ఇన్సూరెన్సూ అన్నీ నెత్తిన పెట్టుకోవాలి. పెన్షన్ ఒక్కటే ఆధారమైతే వద్దు. మాకు చేపల చెరువుల లీజు డబ్బు ఉంది కాబట్టి గట్టెక్కాం.

మా డబ్బు ఇంకా అక్కడి బ్యాంకులోనే ఉంది, పొడిగింపు గడువూ ఉంది. దేశం దాటి వచ్చేటప్పుడు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే ఆ వీసా అక్కడితో సరి. ఒకసారి తిరిగి వెళ్ళడానికయితే 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా వెళ్ళిరావడానికయితే 3,800. ఫారం నింపుతూ నేను వెయ్యిది చాల్లే అన్నాను. మా ఆవిడ పర్సులోంచి నాలుగు వెయ్యి బాత్‌ల నోట్లు తీసి కౌంటర్ మీద పెట్టింది.